ఎకరాలు లేని మనిషి సర్వేలో ఎందుకు లేదు? వాతావరణ విధాన పరిశోధనలో సమన్యాయం గురించి

చిత్రావతి (ధర్మవరం) · జూన్ 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను అనంతపురంలో గ్రామీణాభివృద్ధి మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. వాతావరణ మార్పు పేరుతో వస్తున్న విధానాలు మన పల్లెల్లో ఎవరికి మేలు చేస్తున్నాయి, ఎవరి నెత్తిన భారం వేస్తున్నాయి అన్నది నా అంశం. నిన్న జరిగిన ఒక సంగతి రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

సోలార్ పార్కు పక్కనున్న ఒక ఊరికి సర్వేకి వెళ్ళాను. ఫారం నాది కాదు, ఒక పెద్ద ప్రాజెక్టు వాళ్ళది. ప్రశ్నలన్నీ ట్యాబ్‌లో ఉంటాయి, జవాబు నొక్కుకుంటూ పోవడమే. ఊరి చివరింట్లో ఒకామె, యాభై దాటి ఉంటాయి. నన్ను చూసి మంచం వాల్చింది, చెంబుతో నీళ్ళిచ్చింది, కొంగుతో చేతులు తుడుచుకుని ఎదురుగా అరుగు మీద కూర్చుంది. పేరు, వయసు, ఇంట్లో ఎంతమంది అనేవి అయిపోయాయి. నాలుగో ప్రశ్న: ‘మీ కుటుంబం పేరు మీద ఎన్ని ఎకరాలు ఉంది?’

‘ల్యాదమ్మా, గొర్లుండాయి’ అంది.

సున్నా నొక్కాను. వెంటనే స్క్రీను మీద ‘సర్వే పూర్తయింది, మీ సమయానికి ధన్యవాదాలు’ అని వచ్చింది. వెనక్కి వెళ్ళే బటన్ కూడా లేదు. ఆమె ఇంకా నా మొహం వైపే చూస్తోంది, తర్వాత ఏం అడుగుతానా అని. ఆ పార్కు కంచె వేసిన బీడు మీదే ఆమె గొర్రెలు ఇరవై ఏళ్ళు మేశాయి. ఆ మాట రాసుకోవడానికి ఫారంలో గడి లేదు.

ఈ రోజు మా గైడ్ గారికి చెబితే, ‘సమన్యాయం గురించి చివరి అధ్యాయంలో రాయమ్మా, ముందు డేటా కానీ’ అన్నారు. ఆయన మంచివారే. కానీ ఆమె డేటాలోనే లేనప్పుడు చివరి అధ్యాయంలో ఎవరి గురించి రాయాలి? ఈ విషయంలో పనిచేసినవాళ్ళు, చదివినవాళ్ళు, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. సమన్యాయాన్ని పరిశోధనలో ఎక్కడ పెట్టాలి?

---

బుడ్డల రైతు (కదిరి దగ్గర) · జూన్ 11, రాత్రి 10:15

చెల్లెమ్మా, నేను డిగ్రీ దాకే చదివినా. కానీ నువ్వు చెప్పిన గడి సంగతి నాకు బాగా తెలుసు. మా దగ్గర అది వాన గడి.

శనక్కాయకు వాతావరణ బీమా పెట్టినప్పుడు లెక్క మండలం మీద తీస్తారు. మండలం కేంద్రంలో వాన కొలిచే మిషన్ ఉంటుంది. మా ఊరు దానికి పద్నాలుగు కిలోమీటర్లు, మధ్యలో గుట్ట. గుట్ట అవతల పడిన వాన ఇవతల పడుతుందని ఏం నమ్మకం లేదు. ఒక ఏడు ఊడలు దిగే టైములో మాకు ముప్పై నాలుగు రోజులు చుక్క లేదు. చెట్టు పీకితే అన్నీ లొట్ట కాయలే. మిషన్ దగ్గర మాత్రం ఆ మధ్యలోనే ఒక రాత్రి మంచి వాన పడింది. కాబట్టి కాగితం మీద బెట్ట లేదు. మా ఊరికి పైసా రాలేదు.

ఎవరూ మోసం చేయలేదమ్మా. మిషన్ అబద్ధం చెప్పలేదు. అది ఉన్న చోట వాన పడింది, అంతే. కొలిచే చోటు ఎవరు పెట్టారు, ఎక్కడ పెట్టారు అన్న దాంట్లోనే మా నష్టం మాయమైపోయింది. నీ గొర్రెలామెకు, నాకు ఒకటే జరిగింది.

---

గుత్తి కోట (బెంగళూరు) · జూన్ 11, రాత్రి 11:02

మాది గుత్తి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్. ఎవరినీ నొప్పించాలని కాదు కానీ వేరే మాట చెప్తాను.

2020 మొదటి నుంచి లెక్కేస్తే, భూతాపం 1.5 డిగ్రీల దగ్గర ఆగడానికి సగం అవకాశమైనా ఉండాలంటే, ప్రపంచం మొత్తం ఇంకా వదలగలిగిన కార్బన్ డయాక్సైడ్ 500 గిగాటన్నులే (ఒక గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు) అని ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన శాస్త్రవేత్తల సంఘం, చెప్పింది. ఏడాదికి దాదాపు 40 గిగాటన్నులు వదులుతున్నాం. అంటే టైం లేదు. కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ళలో 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017కల్లా పూర్తి చేశారు. అలాంటివి ఇంకా యాభై కావాలి. ప్రతిదానికీ ‘ఎవరికి ఎంత’ అని కూర్చుంటే పని ఆగిపోతుంది. ఎండలు పెరిగితే ముందు దెబ్బ తినేది మన సీమ పేదవాళ్ళే. కాబట్టి వేగంగా చేయడమే వాళ్ళకు న్యాయం అని నా అభిప్రాయం.

---

కడప మాస్టారు · జూన్ 12, ఉదయం 6:30

ముప్పై ఒక్క ఏళ్ళు ఎకనామిక్స్ చెప్పి రిటైర్ అయ్యాను. చిత్రావతి గారి ప్రశ్న ఈ శాస్త్రం పుట్టినప్పటి నుంచీ ఉన్న ప్రశ్నే. కాస్త పొడవుగా రాస్తాను, ఓపిక పట్టండి.

1990లో వాషింగ్టన్‌లోని వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ ఒక పట్టిక వేసింది. భూమిని వేడెక్కిస్తున్న మొదటి అయిదు దేశాల్లో అమెరికా, సోవియట్ యూనియన్‌లతో పాటు బ్రెజిల్, చైనా, ఇండియా పేర్లు వచ్చాయి. మరుసటి ఏడు ఢిల్లీ సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ నుంచి అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ దానికి జవాబు రాశారు. సముద్రాలు, అడవులు కొంత కార్బన్‌ను పీల్చుకుంటాయి కదా. ఆ పీల్చుకునే శక్తిని ఆ పట్టికలో ఎవరు ఎక్కువ వదిలితే వాళ్ళకు ఎక్కువగా పంచారు. వీళ్ళు అదే శక్తిని తలకింత అని పంచి చూపించారు. అంకెలు దాదాపు అవే, పంచే పద్ధతి మారింది. దాంతో ఇండియా మీద వేసిన నింద నిలబడలేదు. వరి మడిలో పుట్టే మీథేన్, కారు పొగ ఒకటి కావని, ఒకటి బతకడానికి, ఒకటి విలాసానికి అని కూడా వాళ్ళు అన్నారు. 1992 రియో వాతావరణ ఒప్పందం మూడో అధికరణంలో సమన్యాయం, ‘ఉమ్మడిదే కానీ తేడాలున్న బాధ్యత’ అనే మాటలు చేరాయంటే ఇలాంటి వాదనల బలం వెనక ఉంది.

ఇంకోటి చెప్తాను. ఇది నేను క్లాసులో చెప్పిన ప్రతిసారీ పిల్లలు నమ్మేవాళ్ళు కాదు. 1995 నాటి ఐపీసీసీ రెండో నివేదిక కోసం వాతావరణ మార్పు నష్టాన్ని డాలర్లలో లెక్కగట్టారు. అందులో చనిపోయే మనుషులకూ వెల వేశారు. ధనిక దేశం మనిషి ప్రాణానికి 15 లక్షల డాలర్లు, పేద దేశం మనిషి ప్రాణానికి లక్ష. అంటే ఒక యూరప్ ప్రాణం పదిహేను మంది మన ప్రాణాలతో సమానం. అప్పటి మన పర్యావరణ మంత్రి కమల్‌నాథ్ నిరసన తెలిపారు. పెద్ద గొడవ అయింది. లెక్కలు వేసినవాళ్ళు దుర్మార్గులు కారు. ‘జనం రిస్కు తగ్గించుకోవడానికి ఎంత ఖర్చు పెట్టగలరు’ అని కొలిచారు. డబ్బు లేనివాడు తక్కువే పెట్టగలడు. కాబట్టి వాడి ప్రాణం చవక అని సూత్రం తేల్చింది.

గుత్తి తమ్ముడూ, ఆ 500 గిగాటన్నుల లెక్క సరైనదే. కానీ అదే నివేదికలో దాని పక్కనే ఇంకో అంకె ఉంది: 1850 నుంచి 2019 దాకా అప్పటికే వదిలేసింది దాదాపు 2400 గిగాటన్నులు. ఐదింట నాలుగు వంతుల అన్నం తినేసి, మిగిలిన గిన్నె చూపించి ‘త్వరగా, అందరం తక్కువ తిందాం’ అంటే, తొందర నిజమే. ఎవరు ఎంత తిన్నారన్నది కూడా నిజమే.

---

హంద్రీ గట్టు (కర్నూలు) · జూన్ 12, ఉదయం 8:10

నేను ప్రభుత్వ బడిలో టీచర్‌ని. పదకొండేళ్ళు కోసిగి వైపు పనిచేశాను.

చిత్రావతి గారూ, ఎకరాలు లేనివాళ్ళను మీ ఫారం బయటికి పంపింది. మా వైపు అసలు ఫారం దాకా రానివాళ్ళు ఉన్నారు. కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల నుంచి సంక్రాంతి దాటితే ఊళ్ళకు ఊళ్ళు గుంటూరు మిరప కోతలకు పోతాయి. లారీలో మూటలు, గిన్నెలు, కోళ్ళు, పిల్లలు. మా క్లాసులో నలభై ఇద్దరు ఉంటే ఫిబ్రవరిలో పదిహేను మంది కూర్చునేవాళ్ళు.

పంటలైపోయాక, ఎండలు ముదరకముందు, దారులు బాగుంటాయని సర్వే టీములు సరిగ్గా ఆ ఫిబ్రవరిలోనే వచ్చేవి. తాళం కనిపిస్తే పక్కింటికి వెళ్ళాలని వాళ్ళకు రూల్. పక్కిల్లు ఎవరిది? పోవాల్సిన అవసరం లేనివాళ్ళది. కరువుకు ఊరు ఎలా తట్టుకుంటోందని అడగడానికి వచ్చి, తట్టుకోలేక పోయినవాళ్ళను వదిలి తక్కినవాళ్ళను అడిగి వెళ్ళేవాళ్ళు. నేను ఒకసారి ఆ సర్వే టీములో ఒక పిల్లవాడికి చెప్పాను, ‘నాయనా, ఆ తాళాలే నీ జవాబు, వాటిని లెక్కపెట్టుకో’ అని. ఆ అబ్బాయి కూడా మీలాగే బాధపడ్డాడు, కానీ రోజుకు ఇన్ని ఫారాలని టార్గెట్ ఉంది.

---

నీటి లెక్క (కళ్యాణదుర్గం) · జూన్ 12, మధ్యాహ్నం 1:25

వాటర్‌షెడ్ పనుల్లో ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. సోలార్ విషయంలో మన పక్కనే ఒక పోలిక ఉంది, దాని మీద ఎవరైనా గట్టిగా పరిశోధన చేయాలని నా కోరిక.

పావగడ. కర్ణాటక తాలూకానే అయినా మాట తెలుగే, నేల మన నేలే, కరువూ మనదే. అక్కడ 2050 మెగావాట్ల పార్కుకు దాదాపు 13 వేల ఎకరాలు తీసుకున్నారు. కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలతో మొదలు, రెండేళ్ళకోసారి అయిదు శాతం పెంపు. భూమి రైతు పేరు మీదే ఉంది. మా వైపు రైతులు చాలామంది ఆ మాట విని ‘మాకూ అట్లే ఇస్తే బాగుండు’ అంటారు. వానలు నమ్ముకుంటే ఎకరా శనక్కాయ మీద ఏటా అంత మిగలదు కదా.

కానీ ఆ కౌలు డబ్బు ఎవరికి వస్తుంది? పట్టా ఉన్నవాళ్ళకు. వంద ఎకరాలున్న వాళ్ళకు వంద ఎకరాలంత, రెండెకరాలున్న వాళ్ళకు రెండెకరాలంత. ఆ పొలాల్లో కలుపు తీసిన ఆడకూలీలకు ఏమొస్తుంది? కాయ కోత ఉండదు, కట్టె మోత ఉండదు. రైతుకు న్యాయం జరిగింది అని రాసిన పేజీలోనే కూలీ పని పోయింది అని కూడా రాయాలి. ఇక మన వైపు డీకేటీ పట్టాలు (భూమి లేనివాళ్ళకు ప్రభుత్వం ఇచ్చినవి), పట్టా లేకుండా తాతల నుంచి సాగులో ఉన్న భూములు, ఊరుమ్మడి బీళ్ళు. రికార్డులో ‘ప్రభుత్వ బంజరు’ అని ఉంటుంది. బంజరు అంటే ఎవరికీ పనికిరానిది అని చదివేవాళ్ళు అనుకుంటారు. గొర్రెలు, వంట చెరుకు, సీతాఫలాలు, చీపురు పుల్లలు, ఇవన్నీ ఆ బంజరులోవే. బీడు పోయినాక కట్టెలు తేవడానికి ఇంకెంత దూరం నడవాలో ఆడవాళ్ళనే అడగాలి.

మంచి ఉదాహరణ కూడా చెప్తాను. కర్ణాటక బాగేపల్లిలో కూలీ సంఘం కుటుంబాలకు బయోగ్యాస్ ప్లాంట్లు కట్టించే కార్యక్రమం, పేద దేశాల్లో మిగిల్చిన కార్బన్‌కు ధనిక దేశాలు డబ్బు కట్టే క్యోటో ఒప్పందం ఏర్పాటు కింద 2005లోనే నమోదైంది. 5,500 ఇళ్ళు. మిగిల్చిన కార్బన్‌కు వచ్చే సొమ్ము ఆ ఆడవాళ్ళ వంటింటి నుంచి వచ్చిందే అని లెక్క రాశారు. అక్కడ కొలత మొదలైంది పొయ్యి దగ్గర.

---

గుత్తి కోట (బెంగళూరు) · జూన్ 12, రాత్రి 10:48

మాస్టారూ, అక్కా, చదివాను. రెండుసార్లు చదివాను.

ఒకటి ఒప్పుకుంటాను. మా అమ్మమ్మ వాళ్ళది వజ్రకరూరు దగ్గర ఊరు. గాలిమరలు వచ్చినప్పుడు మేం పిల్లలం, సంబరంగా చూశాం. ఆ మర కింద భూమి ఎవరిది, రోడ్డు ఎవరి చేలో నుంచి వేశారు అని ఒక్కసారి కూడా అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

అయినా నా సందేహం ఉంది. దేశాల మధ్య సమన్యాయం అంటే అర్థమైంది. అమెరికాలో మనిషికి ఏడాదికి 14 టన్నుల దాకా, మనకు 2 టన్నులు. ఆ వాదన మనం ప్రపంచం ముందు పెడతాం. కానీ ఆ 2 టన్నుల సగటులో నేనూ ఉన్నాను, ఆ గొర్రెలామె కూడా ఉంది. నేను ఈ ఏడాది మూడుసార్లు ఫ్లైట్ ఎక్కాను. మన పేదవాళ్ళ సగటు వెనక నాలాంటివాళ్ళు దాక్కుంటున్నామా? ఇది నిజంగానే అడుగుతున్నాను.

---

కడప మాస్టారు · జూన్ 13, ఉదయం 6:10

దాక్కుంటున్నాం తమ్ముడూ. నేనూ అందులో ఉన్నాను, మా ఇంట్లో రెండు ఏసీలు.

ఐపీసీసీ 2022 నివేదిక చెప్పింది: ప్రపంచంలో పైనున్న పది శాతం ఇళ్ళ వాడకం నుంచే గృహ ఉద్గారాల్లో 34 నుంచి 45 శాతం వస్తోంది. కింది సగం జనానిది 13 నుంచి 15 శాతమే. ఆ పై పది శాతం అన్ని దేశాల్లోనూ ఉంది. దీన్ని పట్టుకునే కొందరు పరిశోధకులు గ్రీన్‌హౌస్ డెవలప్‌మెంట్ రైట్స్ అని ఒక లెక్క తెచ్చారు. ఏడాదికి 7,500 డాలర్ల కంటే తక్కువ ఆదాయం ఉన్న మనిషి మీద, ఏ దేశమైనా సరే, భారం వేయకూడదు. అంతకు పైన ఉన్నవాళ్ళ స్తోమత, వాళ్ళ పాత ఉద్గారాలు చూసి దేశం వాటా కట్టాలి. నాకు నచ్చిన లెక్క అది. కానీ ఇందులో ఒక జాగ్రత్త: మన దేశంలో తేడాలున్నాయని చూపించి ధనిక దేశాలు తమ బాకీ ఎగ్గొట్టడానికి వీల్లేదు. రెండు బాకీలూ వేరు వేరు ఖాతాలు.

చిత్రావతి గారు మోడళ్ళ గురించి కూడా రాయాలి. ఉద్గారాలు ఎప్పటికి ఎంత తగ్గించాలి అని లెక్కగట్టే పెద్ద కంప్యూటర్ మోడళ్ళు కొన్నిటిలో ‘నెగిషి వెయిట్స్’ అని ఒక ఏర్పాటు ఉంటుంది. మామూలుగా వంద రూపాయలు పోతే కోటీశ్వరుడికి కంటే కూలీకి ఎక్కువ నొప్పి కదా. మోడల్ ఆ నొప్పిని లెక్కలోకి తీసుకుంటే, ‘ఉన్నవాడి దగ్గర నుంచి లేనివాడికి డబ్బు మళ్ళించు’ అని జవాబిస్తుంది. అది రాకుండా ఉండడానికి, ఇప్పుడున్న ఆదాయ తేడాలు అలాగే ఉండేలా తూకం రాళ్ళు సర్దుతారు. అది మోడల్ లోపల ఎక్కడో ఒక సమీకరణంలో ఉంటుంది. పైన చూసేవాళ్ళకు కనిపించదు, మీ ట్యాబ్‌లో నాలుగో ప్రశ్న లాగే.

మన దేశ పరిశోధకులు తేజల్ కనిట్కర్, టి. జయరామన్ తమ సహచరులతో ఐపీసీసీ ఆరో నివేదికలో ఇలాంటి మోడళ్ళు చూపిన, ఉద్గారాలు తగ్గించే 500కు పైగా దారులను ఇలాగే విప్పి చూశారు. 2050 వచ్చినా దక్షిణాసియా, సహారా దిగువ ఆఫ్రికా తలసరి ఆదాయం ప్రపంచ సగటు కంటే కిందే ఉంటుందని ఆ దారులు ముందే అనుకుని కూర్చున్నాయని తేల్చారు. అంటే భూమిని చల్లబరిచే లెక్కలో మన పేదరికం ఒక ముడిసరుకు. ఇది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

---

యర్రగుంట్ల · జూన్ 13, సాయంత్రం 5:50

నేను బొగ్గు కరెంటు మీద బతికినోణ్ణి. మా ఇంట్లో మూడు తరాల అన్నం అక్కడిదే. మా ఆర్టీపీపీలో (రాయలసీమ థర్మల్ పవర్ ప్రాజెక్టు) మొదటి యూనిట్ 1994లో వచ్చింది. దేశం 2070కి నెట్ జీరో అంటోంది, అంటే వదిలే కార్బన్, పీల్చుకునే కార్బన్ సమానం కావాలని. మంచిదే, బూడిద ఎట్లా ఉంటుందో మాకంటే ఎవరికి తెలుసు. కానీ బొగ్గు ఆపే రోజు వస్తే పర్మనెంటు ఉద్యోగికి బదిలీ ఉంటుంది, పెన్షన్ ఉంటుంది. బొగ్గు వ్యాగన్ దగ్గర పనిచేసే కాంట్రాక్టు కూలీకి, గేటు ముందర టీ బంకు పెట్టుకున్నోళ్ళకు, బూడిద ఇటుకలు చేసేటోళ్ళకు ఏముంటుంది? 2021లో దక్షిణాఫ్రికాకు బొగ్గు నుంచి మళ్ళడానికి 850 కోట్ల డాలర్లు ఇస్తామని ధనిక దేశాలు మాటిచ్చాయని పేపర్లో చదివినా. ఆ సొమ్ములో ఎక్కువ భాగం అప్పేనట. మా గురించి రాసేవాళ్ళు ఇప్పట్నుంచే రాయండి, గేటు మూసినాక కాదు.

---

చిత్రావతి (ధర్మవరం) · జూన్ 13, రాత్రి 11:20

ఇంతమంది ఇంత రాస్తారనుకోలేదు. నోట్‌బుక్‌లో పద్నాలుగు పేజీలు అయ్యాయి.

ఒక ప్రశ్న నన్ను నేనే అడుగుతున్నాను. ఆఫ్రికా వాతావరణం మీద పరిశోధన కోసం 1990 నుంచి 2020 దాకా వచ్చిన నిధుల్లో 78 శాతం యూరప్, ఉత్తర అమెరికా సంస్థలకే వెళ్ళిందని ఒక అధ్యయనం ఉంది. ఆఫ్రికా సంస్థలకు దక్కింది 15 శాతం లోపే. చదివినప్పుడు కోపం వచ్చింది. కానీ ఆ ఊరి గొర్రెల కాపరి కళ్ళతో చూస్తే నేను కూడా బయటి నుంచి వచ్చి డేటా పట్టుకుపోయేదాన్నే కదా. ఆమె మాటతో నాకు డిగ్రీ వస్తుంది. ఆమెకేం వస్తుంది?

పుస్తకాల్లో సమన్యాయానికి మూడు ముఖాలు చెబుతారు. లాభనష్టాలు ఎవరికి ఎంత, నిర్ణయంలో ఎవరి మాటకు చోటు, అసలు ఎవరిని మనుషులుగా గుర్తించారు అన్నవి. మూడోది చివర చెబుతారు. నాకు ఇప్పుడు అదే ముందు అనిపిస్తోంది. గుర్తించకపోతే మిగతా రెండిటికీ అవకాశమే రాదు.

---

బుడ్డల రైతు (కదిరి దగ్గర) · జూన్ 14, ఉదయం 5:45

ఆమెకేం వస్తుందని ఆమెనే అడుగు చెల్లెమ్మా.

రాత్రి మాకు మంచి పదునైంది. చెరువు అవతల ఊర్లో మా బామ్మర్దికి ఫోన్ చేస్తే దుమ్ము కూడా అణగలేదన్నాడు. నేను పొద్దున్నే గొర్రు కట్టాలి, మళ్ళీ రాస్తా.

---

నీటి లెక్క (కళ్యాణదుర్గం) · జూన్ 14, ఉదయం 9:05

చిత్రావతీ, ఆ మూడో ముఖానికి ఒక సంగతి. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మన బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. ఆ పథకం కింద తవ్విన పంట కుంటలు కరువుకు మన సీమ చెప్పిన గట్టి జవాబు అని నేను నమ్ముతాను. ఎస్సీ, ఎస్టీ, చిన్న రైతుల భూముల్లో ముందు తవ్వాలని రూలు పెట్టడం కూడా మంచిదే. కానీ కుంట తవ్వినామెకు భూమి లేకపోతే ఆ నీళ్ళు ఆమెవి కావు. మే నెల ఎండలో గడ్డపార పట్టుకున్నామె శరీరం పడిన వేడిని ఎవరూ కొలవలేదు. వాతావరణ శాఖ ఉష్ణోగ్రత కొలిచేది గాలి ఆడే తెల్లపెట్టె లోపల, నీడలో. 42 అని పేపర్లో వస్తే ఆమె తలకు తగిలేది 42 కాదు. ఎండదెబ్బ విధానాలు రాసేవాళ్ళు ఆ పెట్టెలో అంకెనే పట్టుకుంటారు. నీ ఫారంలో ‘ఎండ ఎక్కువైన రోజు పని ఎన్ని గంటలకు మొదలుపెట్టి ఎన్నింటికి ఆపారు, కూలి ఎంత తగ్గింది’ అని ఒక ప్రశ్న పెట్టు.

---

హంద్రీ గట్టు (కర్నూలు) · జూన్ 14, మధ్యాహ్నం 2:30

తాళం ఉన్న ఇంటికి కూడా ఒక గడి పెట్టండి. ఫోన్ నెంబరు అడిగి గుంటూరులో ఉన్నవాళ్ళతో రాత్రి ఎనిమిది తర్వాత మాట్లాడొచ్చు. నా దగ్గర చదివినవాళ్ళు చాలామంది ఇప్పుడు మేస్త్రీలు, నేను చెబితే మాట్లాడతారు.

2009 అక్టోబరు 2న మా కర్నూలు మునిగినప్పుడు నేను మిద్దె మీద రెండు రాత్రులున్నాను. నీళ్ళు తీశాక నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు ఇంటి నెంబరు అడిగారు. మా వీధి చివర గుడిసెల వాళ్ళకు ఇంటి నెంబర్లు లేవు. 2022లో ఈజిప్టులో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సమావేశంలో, వాతావరణ మార్పు వల్ల నష్టపోయిన పేద దేశాలకు సాయం చేసే నిధికి ఒప్పుకున్నారని వార్త విన్నప్పుడు నాకు ముందు వాళ్ళే గుర్తొచ్చారు. ఆ డబ్బు ఎప్పటికైనా ఇక్కడిదాకా వస్తే, ఏ నెంబరు చూసి ఇస్తారు?

---

గుత్తి కోట (బెంగళూరు) · జూన్ 14, రాత్రి 9:15

చిత్రావతి గారూ, ఫారం యాప్ నేను చేసిస్తాను, డబ్బులేం వద్దు. సున్నా నొక్కితే ముగిసిపోవడం అనేది ఒక చిన్న షరతు, మార్చడానికి అయిదు నిమిషాలు. ఎవరో ఒకరు నాలాంటివాళ్ళు ఏసీ గదిలో కూర్చుని ‘భూమి లేకపోతే మిగతా ప్రశ్నలు వర్తించవు’ అని రాసి ఉంటారు. వేగం కావాలన్న మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు. కానీ ఆ షరతు రాసింది కూడా వేగం కోసమే.

---

చిత్రావతి (ధర్మవరం) · జూన్ 17, రాత్రి 10:05

మళ్ళీ ఆ ఊరికి వెళ్ళొచ్చాను. ట్యాబ్ లేకుండా, నోట్‌బుక్‌తో.

ఆమె నన్ను గుర్తుపట్టింది. ‘ఆ పొద్దు అట్లే ల్యాసి పోతివే’ అంది. సిగ్గేసింది. ఫారం సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. మీరందరూ ఇచ్చిన ప్రశ్నల్లో మొదటిది ‘ఎన్ని ఎకరాలు’ బదులు ‘ఏ నేల మీద ఏం పని చేసేవాళ్ళు’ అని మార్చుకున్నాను. గంటా నలభై నిమిషాలు మాట్లాడింది. కంచె రాకముందు అరవై గొర్రెలు, ఇప్పుడు ఇరవై రెండు. ముందు గుట్ట పక్కనే మేపి సాయంత్రానికి వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆమె భర్త, తమ్ముడి కొడుకు మంద తోలుకుని వారాల తరబడి బయటే ఉంటారు. వేరే ఊళ్ళ బీళ్ళలో అక్కడివాళ్ళతో మాటామాటా వస్తుంది. ముందు గొర్రెల ఎరువు మడికి పెట్టించుకుని రైతులు గింజలిచ్చేవాళ్ళు, ఆ రాబడి పోయింది. పానెళ్ళు కడిగే పనికి ఆమె కోడలు కొన్నాళ్ళు వెళ్ళింది. ఇప్పుడు రావద్దన్నారట.

మీకేం కావాలి అని అడిగాను. పార్కు లోపల పానెళ్ళ వరసల మధ్య గడ్డి ఏపుగా పెరిగి ఉందట, దాన్ని మనుషులను పెట్టి కోయిస్తున్నారట. ‘మా గొర్లను వదిలితే ఉట్టికే తింటాయి గదా, ఎవరినన్నా అడిగి సెప్పు’ అంది. ఇంత చిన్న మాట ఎన్ని నివేదికలు తిరగేసినా నాకు తట్టలేదు. గైడ్ గారికి చెప్పాను. కాసేపు ఊరుకుని, ‘దీన్ని మొదటి అధ్యాయంలో పెట్టు’ అన్నారు.

మందతో వెళ్ళినవాళ్ళు బేస్తవారం ఇంటికి వస్తారట. ఆ రోజు మళ్ళీ రమ్మంది. పార్కు మేనేజరును కూడా కలవాలనుకుంటున్నాను. ఒక్కదాన్నే వెళ్తే వినకపోవచ్చు. ఎవరైనా తోడొస్తారా?

---

నీటి లెక్క (కళ్యాణదుర్గం) · జూన్ 17, రాత్రి 10:20

నేను వస్తాను. పానెళ్ళ కింద గొర్రెలు మేపడం వేరే దేశాల్లో మామూలుగానే జరుగుతోంది. నా దగ్గర ఫోటోలున్నాయి, ప్రింటు తీసుకొస్తాను. పానెళ్ళు ఎంత ఎత్తులో ఉన్నాయో, వైర్లు కింద వేలాడుతున్నాయేమో ముందు చూడాలి.

---

బుడ్డల రైతు (కదిరి దగ్గర) · జూన్ 17, రాత్రి 10:32

విత్తనం పని రేపటికి అయిపోతుంది. నేనూ వస్తా, బండి ఉంది. ధర్మవరం బస్టాండు దగ్గర ఎన్నింటికి?

---

చిత్రావతి (ధర్మవరం) · జూన్ 17, రాత్రి 10:40

ఆరున్నరకు అన్నా. ఎండెక్కితే మంద మళ్ళీ బయల్దేరుతుంది.